పోటీ నడుమ సహోదయం: ఎమిరేట్స్‌లోని భారతీయ పాఠశాలలు, సైన్సు బోధన

ఆగస్టు నెలలో దుబాయి, షార్జా, అబూధాబి వంటి తీర నగరాల్లో తెల్లవారుజామున కిటికీ అద్దాలు తరచు తడిసి ఉంటాయి. ఆ తడి గది లోపలి వైపు కాదు, బయటి వైపు ఉంటుంది. రాత్రంతా ఏసీ వల్ల చల్లబడిన అద్దాన్ని సముద్రం మీది తేమగాలి తాకినప్పుడు, గాలిలోని ఆవిరి నీటిచుక్కలుగా మారుతుంది. చలిదేశాల్లో రాసిన పాఠ్యపుస్తకాల్లో ఇందుకు సరిగ్గా తలకిందులైన బొమ్మ కనిపిస్తుంది: బయట చలి, లోపల వెచ్చదనం, అద్దానికి లోపలి వైపు తడి. మన పుస్తకాల్లోనైతే చల్లని నీళ్లు పోసిన గ్లాసు చుట్టూ చేరే చుక్కలే ఉదాహరణ. ఎమిరేట్స్‌లో పెరిగే పిల్లవాడు తన కిటికీని చూసి, ఏసీ నీళ్లు అద్దంలోంచి బయటికి ఊరుతున్నాయని అనుకోవచ్చు. అదే పిల్లవాడు పరీక్షలో సాంద్రీకరణానికి నిర్వచనం ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాయగలడు.

పిల్లల మనసులో ఉన్న వివరణకు, వాళ్లు కాగితం మీద రాసే వివరణకు మధ్య ఉండే ఈ దూరాన్ని గుర్తించడమే మాధ్యమిక స్థాయి సైన్సు బోధనలో కష్టమైన పని. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అంటే తెలుగు రాష్ట్రాల్లో ప్రాథమికోన్నత స్థాయి అని పిలిచే మూడేళ్లలో, పిల్లలు కంటికి కనిపించే సంగతుల నుంచి కనిపించని వాటికి, అంటే ఆవిరికి, కణాలకు, బలాలకు, సూక్ష్మజీవులకు అడుగు వేస్తారు. ఆ అడుగు తడబడితే తొమ్మిదో తరగతి నుంచి సైన్సు బట్టీ పట్టే విషయంగా మిగిలిపోతుంది. ఒక ఉపాధ్యాయురాలు కిటికీ అద్దం సంగతి గమనించి, పాఠాన్ని దానికి తగినట్టు మార్చుకుందనుకుందాం. ఆ తెలివిడి పక్క వీధిలోని పాఠశాలకు చేరే దారి ఏది? ఆమె ఉద్యోగం మారి వెళ్లిపోతే అది ఎవరి దగ్గర మిగులుతుంది? ఎమిరేట్స్‌లోని భారతీయ పాఠశాలల అనుభవం ఆధారంగా ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక దేశం, పలు ఏలుబడులు

ఎమిరేట్స్‌లో భారతీయ విద్యకు దేశం వయసు కంటే ఎక్కువ వయసుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 1971లో ఏర్పడితే, దుబాయిలో ఇండియన్ హైస్కూల్ 1961లోనే మొదలయింది. ఈనాడు ఆ దేశంలో సి.బి.ఎస్.ఇ. గుర్తింపు ఉన్న పాఠశాలలు నూరుకు పైగా ఉన్నాయి. కేరళ రాష్ట్ర బోర్డు పదో తరగతి పరీక్షకు కూడా అక్కడ కేంద్రాలున్నాయి. తెలుగు కుటుంబాల పిల్లల్లో చాలామంది చదివేది సి.బి.ఎస్.ఇ. బడుల్లోనే. తండ్రి ఉద్యోగం ముగిసి ఏ విజయవాడకో కరీంనగర్‌కో తిరిగి రావలసి వస్తే చదువు తెగిపోకూడదన్నది తల్లిదండ్రుల లెక్క.

అయితే ఈ బడులన్నీ ఒకే నీడన లేవు. దుబాయిలోని ప్రైవేటు బడులను 2006లో ఏర్పడిన కె.హెచ్.డి.ఎ. అనే సంస్థ పర్యవేక్షిస్తుంది. అబూధాబికి, షార్జాకు వేరువేరు విద్యా సంస్థలున్నాయి. ఉత్తరాది ఎమిరేట్స్‌లో సమాఖ్య విద్యాశాఖ పాత్ర ఎక్కువ. సిలబస్, పరీక్షలు ఢిల్లీ నుంచి వస్తాయి. తనిఖీ, గుర్తింపు స్థానికంగా జరుగుతాయి. భారతీయ బడులకు విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై, జూలై, ఆగస్టు నెలల ఎండలకు సెలవులిచ్చి, సెప్టెంబరులో మళ్లీ సాగుతుంది. పక్కనే ఉన్న బ్రిటిష్, అమెరికన్ బడులకు సెప్టెంబరే మొదలు. 2022 జనవరి నుంచి దేశమంతటా వారాంతం శని, ఆదివారాలకు మారి, శుక్రవారం సగం రోజు పని దినమయింది. షార్జా మాత్రం శుక్రవారం కూడా సెలవిచ్చి నాలుగు రోజుల పని వారాన్ని ఎంచుకుంది. దుబాయి ఉపాధ్యాయురాలు, షార్జా ఉపాధ్యాయురాలు ఒకచోట కూర్చోవాలంటే ముందు తేల్చుకోవలసింది ఏ రోజు కలవాలన్నది. ప్రాంతీయ భాగస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి చిన్న సంగతులే పెద్ద అడ్డంకులవుతాయి.

కొలతలు చెప్పేవి, చెప్పనివి

దుబాయిలో పాఠశాలల తనిఖీ విభాగం 2008లో పని మొదలుపెట్టింది. తనిఖీ బృందాలు తరగతుల్లో కూర్చొని పాఠాలు చూసి, బడికి ఒక శ్రేణి ఇచ్చి, నివేదికను బహిరంగంగా ప్రచురిస్తూ వచ్చాయి. 2015లో దేశమంతటికీ ఉమ్మడి తనిఖీ చట్రం వచ్చాక, అత్యుత్తమం నుంచి అతి బలహీనం వరకు ఆరు శ్రేణులు స్థిరపడ్డాయి. పిల్లలు తామే ప్రశ్నించి, పరిశోధించి నేర్చుకునే అవకాశం పెరగాలన్నది ఈ నివేదికల్లో తరచు కనిపించే సూచన.

రెండో కొలత అంతర్జాతీయ పరీక్షలది. నాలుగేళ్లకొకసారి గణితం, సైన్సులలో జరిగే టిమ్స్ పరీక్షలో మొదటి 15 దేశాల్లో నిలవాలని ఎమిరేట్స్ తన 2021 జాతీయ ఎజెండాలో లక్ష్యం పెట్టుకుంది. ఎనిమిదో తరగతి సైన్సులో దేశం సగటు 2011లో 465, 2015లో 477, 2019లో 473. అదే సంవత్సరాల్లో దుబాయి సగటు 485, 525, 548. ఈ పరీక్ష కొలబద్దలో మధ్యబిందువు 500. అంటే దేశం మొత్తం దాదాపు ఒకేచోట నిలిచిన కాలంలో దుబాయి మధ్యబిందువుకు దిగువ నుంచి బాగా ఎగువకు వెళ్లింది.

ఇందులో మనకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటుంది. భారతదేశం టిమ్స్‌లో ఇప్పటివరకు పాల్గొనలేదు. కానీ దుబాయిలో ప్రైవేటు బడులు కూడా ఈ పరీక్షలో భాగం కాబట్టి భారతీయ సిలబస్ చదివే పిల్లలు దాన్ని రాస్తున్నారు. స్వదేశంలో ఎదురుకాని కొలబద్ద మన పాఠ్యక్రమానికి ఎడారి నగరంలో ఎదురైంది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. దుబాయిలో అత్యధిక సంఖ్యలో పిల్లలు ప్రైవేటు బడుల్లో చదివే ప్రవాసుల బిడ్డలు. వచ్చేపోయే జనాభా మారితే సగటు కూడా మారుతుంది. పెరుగుదలను ఏ ఒక్క పథకానికో ఆపాదించడం తొందరపాటు. అంతకంటే ముఖ్యమైన పరిమితి మరొకటుంది. తనిఖీ నివేదిక ఒక బడిలో పరిశోధనాత్మక బోధన తక్కువగా ఉందని చెప్పగలదు. టిమ్స్ ఆ దేశపు పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో చూపగలదు. అయితే రేపు ఉదయం మూడో పీరియడ్‌లో ఏడో తరగతికి సాంద్రీకరణం ఎలా చెప్పాలో ఈ రెండూ చెప్పలేవు. ఆ జ్ఞానం తరగతి గదిలోనే పుడుతుంది. దాన్ని పంచుకోగలిగింది అదే పాఠం చెప్పే మరో ఉపాధ్యాయుడితోనే.

ఒక పాత ఆలోచన ప్రయాణం

బడులు ఒంటరిగా కాక గుంపుగా బాగుపడాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షత వహించిన విద్యా కమిషన్ 1966లో సమర్పించిన నివేదికలో స్కూల్ కాంప్లెక్స్ అనే భావనను ప్రతిపాదించింది. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులు కలిసి ప్రయోగశాలను, గ్రంథాలయాన్ని, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులను పంచుకోవాలన్నది అందులోని సారం. 2020 జాతీయ విద్యా విధానం దీన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. ఇంతకాలం తర్వాత మళ్లీ చెప్పవలసి వచ్చిందంటేనే, అమలులో అది ఎంత అసంపూర్ణంగా మిగిలిందో ఊహించవచ్చు.

సి.బి.ఎస్.ఇ. ఇదే ఆలోచనను 1980ల రెండో సగంలో సహోదయ పేరుతో తన బడుల మధ్య ప్రవేశపెట్టింది. కలిసి ఎదగడం అని ఆ మాటకు అర్థం. ఒక నగరంలోనో జిల్లాలోనో ఉన్న బడులు స్వచ్ఛందంగా సమూహంగా ఏర్పడి ప్రశ్నపత్రాలు, శిక్షణలు, పోటీలు ఉమ్మడిగా నిర్వహించుకుంటాయి. గల్ఫ్ దేశాల సి.బి.ఎస్.ఇ. బడులకు కూడా సహోదయ ఉంది. ప్రధానోపాధ్యాయుల మధ్య పరిచయాలకు, బోర్డుతో మాట్లాడటానికి ఇలాంటి వేదికలు పనికొస్తాయి. అయితే ప్రిన్సిపాళ్ల వేదిక దానంతటదే ఉపాధ్యాయుల వేదిక కాదు. ఏడో తరగతి సైన్సు చెప్పే మనిషి ఆ గదిలో లేకపోతే ఏడో తరగతి సైన్సు గురించి జరిగే చర్చ పైపైనే సాగుతుంది.

దుబాయిలో 2012లో మొదలైన ‘వాట్ వర్క్స్’ సమావేశాలు ఈ లోటును మరో వైపు నుంచి తాకాయి. ఏది పనిచేస్తున్నదో చెప్పుకుందాం అన్నది వాటి సూత్రం. తనిఖీ చేసే సంస్థే, తాను శ్రేణులిచ్చే బడులను ఒకచోటికి పిలిచి, మీలో మీరే నేర్చుకోండని చెప్పడం అందులోని ప్రత్యేకత. వేరువేరు సిలబస్‌ల బడులు పరస్పరం తలుపులు తెరవడానికి అది ఒక సందర్భమయింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. దుబాయిలో చదువు ఒక విపణి కూడా. తల్లిదండ్రులు తనిఖీ శ్రేణి చూసి బడిని ఎంచుకుంటారు. ఫీజు ఎంత పెంచవచ్చన్నది కూడా చాలాకాలం ఆ శ్రేణితో ముడిపడి ఉంటూ వచ్చింది. నా పాఠం బాగుంటే నా శ్రేణి పెరుగుతుంది. అదే పాఠాన్ని పక్క బడికి చెబితే నా ఆధిక్యం తగ్గుతుంది. ఈ లెక్క ఎవరూ పైకి అనకపోయినా గదిలో ఉంటుంది. ఒకే వ్యవస్థ ఒక చేత్తో పోటీని, మరో చేత్తో సహకారాన్ని అందిస్తున్నది. 2024-25లో దుబాయి పూర్తిస్థాయి తనిఖీలను నిలిపివేసి, కొత్త బడులకే పరిమితం చేసినప్పుడు ఈ ఒత్తిడి కొంత సడలిందనుకోవచ్చు. అయితే విపణి మాత్రం అలాగే ఉంది.

దూరం నుంచి భాగస్వాములను తెచ్చుకునే మార్గాన్ని కూడా ఎమిరేట్స్ చూసింది. అబూధాబి 2006 నుంచి కొన్ని ప్రభుత్వ బడుల నిర్వహణలో విదేశీ విద్యా సంస్థలకు భాగస్వామ్యం ఇచ్చింది. 2010లో కొత్త పాఠశాల నమూనా తెచ్చి, గణితం, సైన్సులను ఇంగ్లీషులో బోధించడానికి విదేశీ ఉపాధ్యాయులను పెద్ద సంఖ్యలో నియమించింది. బయటి నుంచి వచ్చిన సలహాదారు కొత్త పద్ధతి చూపగలడు. ఆయన ఒప్పందం ముగిశాక ఆ పద్ధతిని సవరించుకుంటూ నడిపే స్థానిక బృందం తయారయిందా లేదా అన్నదే ఇలాంటి ప్రతి పథకానికీ అసలు పరీక్ష.

హోషంగాబాద్ నేర్పింది

మాధ్యమిక సైన్సు విషయంలో అలాంటి బృందాన్ని తయారుచేసిన ఉదాహరణ కోసం మనం ఎమిరేట్స్ వదిలి మధ్యప్రదేశ్ దాకా వెళ్లాలి. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు హోషంగాబాద్ జిల్లాలో 16 ప్రభుత్వ మాధ్యమిక బడుల్లో ఒక సైన్సు కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. టాటా మౌలిక పరిశోధనా సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చేయి కలిపారు. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యతను కొనసాగించింది.

పిల్లలు ప్రయోగం చేసి, తాము చూసింది తమ మాటల్లో రాసుకోవడం, పుస్తకం తెరిచి పరీక్ష రాయడం వంటివి ఆ కార్యక్రమం గురించి ఎక్కువగా చెప్పుకునే విశేషాలు. మన విషయానికి అంతకన్నా ముఖ్యమైంది నెలవారీ సమావేశం. చుట్టుపక్కల బడుల సైన్సు ఉపాధ్యాయులు సంగం కేంద్రం అనే చోట నెలకోసారి కలిసేవారు. ఏ ప్రయోగం కుదరలేదు, పిల్లలు ఏ ప్రశ్న అడిగారు, పుస్తకంలో ఏది అర్థం కాలేదు అన్నది అక్కడ చర్చకు వచ్చేది. ఆ చర్చలు ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాల సవరణకు దారితీసేవి. మామూలు బడి ఉపాధ్యాయులు కొందరు ఇతరులకు శిక్షణ ఇచ్చే వనరుల బృందంలో సభ్యులయ్యారు. వాళ్లకు హోదా పెరగలేదు. మాటకు విలువ పెరిగింది. ఉపాధ్యాయ నాయకత్వం అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన అర్థం దొరకడం కష్టం.

2002 నాటికి వెయ్యికి పైగా బడులకు పాకిన ఆ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది ఆపివేసింది. ముప్ఫయ్యేళ్ల అనుభవం ఒక్క ఉత్తర్వుతో బడి బయటికి వచ్చింది. పుస్తకాలు, వ్యాసాలు, శిక్షణ పొందిన మనుషులు మిగిలారు కాబట్టి ఆ జ్ఞానం పూర్తిగా నశించలేదు. భాగస్వామ్యానికి అనుమతి ఎంత అవసరమో, అది చేజారినా మిగిలేలా రాతలో పెట్టుకోవడం అంత అవసరమని ఆ ముగింపు చెబుతున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం కూడా ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. ఉపాధ్యాయులు అక్కడ కలిసి బోధనోపకరణాలు తయారుచేసుకొని, కృత్యాలను పంచుకున్నారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలుగు రాష్ట్రాల్లో కాంప్లెక్స్ సమావేశాలు పరిపాటి అయ్యాయి. సర్క్యులర్లు చదివి, సంతకాలు తీసుకొని ముగిసే సమావేశం ఎలా ఉంటుందో మన ఉపాధ్యాయులకు చెప్పనవసరం లేదు. రూపం అదే అయినా, అజెండా ఎవరు నిర్ణయిస్తున్నారన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఒక పాఠం, రెండు ఊళ్లు

భాగస్వామ్యం అన్నది నిజంగా ఎలా నడవాలో చూడటానికి మొదట్లో చెప్పిన సాంద్రీకరణం పాఠాన్నే తీసుకుందాం. న్యూజిలాండ్‌లో ఆస్‌బర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు 1983లో ప్రచురించిన అధ్యయనంలో, చల్లని పాత్ర బయట చేరే నీళ్లు ఎక్కడివని పిల్లలను అడిగారు. లోపలి నీరు ఊరిందని కొందరు, చల్లదనమే నీరయిందని కొందరు, గాలిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ కలిశాయని మరికొందరు చెప్పారు. చివరి జవాబు సైన్సు చదివిన పిల్లవాడే చెప్పగలడు. అంటే పాఠాలు పెరిగినంత మాత్రాన అపోహ పోదు. శాస్త్రీయ పదాల ముసుగు వేసుకుంటుంది.

దుబాయి, షార్జా, అల్ ఐన్‌లలోని మూడు బడుల్లో ఏడో తరగతికి సైన్సు చెప్పే ముగ్గురు కలిశారనుకుందాం. మొదట ముగ్గురూ తమ తరగతుల్లో ఇదే ప్రశ్న అడిగి, పిల్లల జవాబులను మార్కులు వేయకుండా సేకరిస్తారు. తర్వాత ఒకే పాఠ ప్రణాళిక రాస్తారు. మూత బిగించిన డబ్బాలో రంగు నీళ్లు, మంచు వేస్తే బయటి చుక్కలకు రంగు ఉండదు. కాబట్టి లోపలి నీరు ఊరలేదు. తడి చేరకముందు, చేరిన తర్వాత ఆ డబ్బాను సున్నితమైన త్రాసులో తూస్తే బరువు పెరుగుతుంది. కాబట్టి నీరు బయటి నుంచే వచ్చింది. ఇంతవరకు ఒక్క బడి కూడా చేయగలదు.

ఆ తర్వాతి మెట్టుకు రెండో ఊరు కావాలి. తీరాన ఉన్న షార్జాలో గాలి తేమగా ఉంటుంది. లోతట్టున ఎడారి మధ్య ఉన్న అల్ ఐన్‌లో మధ్యాహ్నం పొడిగా ఉంటుంది. ఒకే రోజు, ఒకే సమయంలో, ఒకే రకం డబ్బా, ఒకే మోతాదు మంచుతో రెండు చోట్లా ప్రయోగం చేసి, అంకెలు మార్చుకుంటే తేడా బయటపడుతుంది. డబ్బా అదే, చల్లదనం అదే, మారింది గాలి ఒక్కటే. నీరు గాలిలోంచి వస్తున్నదన్న నిర్ధారణకు పిల్లలు తామే చేరుకుంటారు. ఇక్కడ ప్రాంతీయ భాగస్వామ్యం కేవలం పాలనా ఏర్పాటు కాదు, త్రాసు వంటి ఒక ప్రయోగ సాధనం.

ఇదే పద్ధతి తెలుగు నేల దాకా సాగుతుంది. దుబాయి అక్షాంశం సుమారు 25.2 డిగ్రీలు, హైదరాబాదుది 17.4. విషువత్తు నాటి స్థానిక మధ్యాహ్నం మీటరు కర్ర నీడ దుబాయిలో సుమారు 47 సెంటీమీటర్లు, హైదరాబాదులో 31 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు చోట్ల పిల్లలు నీడలు కొలిచి కోణాలు లెక్కగడితే దాదాపు 7.8 డిగ్రీల తేడా వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఆ రెండు అక్షాంశాల మధ్య దూరం 870 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దీని నుంచి భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లని ఎనిమిదో తరగతి గణితంతోనే తేల్చవచ్చు. హైదరాబాదులో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం నీడ మాయమవుతుంది. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న దుబాయిలో అలా ఎన్నడూ జరగదు. ఎందుకని అడిగితే ఋతువుల పాఠం మొదలైనట్టే.

స్థానిక వనరుల సంగతి కూడా ఇంతే. ఇటీవలి వరకు ఎనిమిదో తరగతి జాతీయ పాఠ్యపుస్తకం ఖరీఫ్, రబీ పంటలతో మొదలయ్యేది. పొలం చూడని పిల్లలకు అది వట్టి పదజాలం. కానీ వాళ్ల వీధిలోనే ఖర్జూర చెట్టు ఉంది. మన తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఖర్జూరంలోనూ ఆడ, మగ చెట్లు వేరు. రైతులు మగ పూల పుప్పొడిని చేత్తో ఆడ పూలకు అద్దుతారు. పరాగసంపర్కానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ? ఆకుల మీద ఉప్పు పూసే తీరపు మడ చెట్లు, భూగర్భ జలాన్ని వాలు మీద నడిపించే అల్ ఐన్ ఫలజ్ కాలువలు, సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే జెబెల్ అలీ కర్మాగారాలు ఇవన్నీ మాధ్యమిక సైన్సు పాఠాలే. ఢిల్లీ నుంచి వచ్చే పుస్తకం వీటిని చేర్చలేదు. చేర్చగలిగింది అక్కడి ఉపాధ్యాయులే. ఒక్కొక్కరు వేరువేరుగా మొదటి నుంచి కనిపెట్టనవసరం లేకుండా, ఒకరు రాసింది మరొకరు సరిచూసే ఏర్పాటు ఉంటే చాలు.

నాయకత్వానికి కావలసినవి

ఉపాధ్యాయ నాయకత్వం అనగానే చాలా బడుల్లో విభాగాధిపతి, సూపర్వైజర్ అనే పదవులు గుర్తుకొస్తాయి. పదవి దక్కిన మనిషికి పీరియడ్లు తగ్గి, ఫైళ్లు పెరుగుతాయి. కొన్నేళ్లకు ఆయన పాఠం చెప్పే అలవాటు తప్పుతుంది. దీనికి భిన్నంగా, తరగతి వదలకుండా ఇతరుల బోధన మెరుగుపడటానికి బాధ్యత తీసుకోవడమే నాయకత్వం అనుకుంటే ఏర్పాట్లన్నీ మారతాయి. జపానులో ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని రూపొందించి, ఒకరు చెబుతుంటే మిగిలినవారు పిల్లలను గమనించి, తర్వాత పాఠాన్ని సవరించుకునే ఆనవాయితీ ఉంది. చర్చలో విమర్శకు గురయ్యేది పాఠం, ఉపాధ్యాయుడు కాదు. తనిఖీకి అలవాటుపడిన చోట ఈ తేడా ఎంతో ముఖ్యం. వెనక బెంచీలో కూర్చున్న మనిషి శ్రేణి ఇవ్వడానికి వచ్చాడా, నేర్చుకోవడానికి వచ్చాడా అన్నదాన్ని బట్టి పాఠం చెప్పే తీరే మారిపోతుంది.

ఇందుకు మొదట కావలసింది సమయం. వారంలో ఒక్క పీరియడైనా ఈ పనికి వేళాపట్టికలో కేటాయించాలి. జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ సూచించింది. అందులో సగమైనా తోటి బడి పాఠాలు చూడటానికి, పిల్లల నోటు పుస్తకాలు కలిసి చదవడానికి లెక్కిస్తే కొత్త ఖర్చు పెద్దగా ఉండదు. దుబాయిలో శుక్రవారం మధ్యాహ్నం అందుకు దొరికే సహజమైన వేళలా కనిపిస్తుంది. కానీ అది ఉపాధ్యాయుల సొంత సమయం. దాన్ని ఉచితంగా తీసుకునే పథకం ఏదైనా ఎక్కువ కాలం నిలవదు.

రెండోది రాత. గల్ఫ్‌లో నివాస అనుమతి ఉద్యోగంతో, చాలామంది ఉపాధ్యాయినుల విషయంలో భర్త ఉద్యోగంతో కూడా, ముడిపడి ఉంటుంది. ఆయన కంపెనీ దోహాకు మారితే ఆమె పాఠాలు కూడా పెట్టెల్లో సర్దుకుంటాయి. అందుకే పాఠ ప్రణాళిక, పిల్లల అసలు జవాబులు, కుదరని ప్రయోగం, చేసిన సవరణ అన్నీ బడుల సమూహం పేరుతో భద్రపడాలి. హోషంగాబాద్ అనుభవం 2002 తర్వాత కూడా మనకు అందుతున్నది అలాంటి రాతల వల్లనే.

మూడోది పోటీని అదుపులో పెట్టే నియమం. లండన్ నగరంలో 2003 నుంచి 2011 వరకు నడిచిన లండన్ ఛాలెంజ్ కార్యక్రమంలో బలమైన బడుల ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు బలహీనమైన బడులకు తోడుగా పనిచేశారు. ఆ కాలంలో నగరంలోని బడుల ఫలితాలు మెరుగయ్యాయి. అందులో ఈ కార్యక్రమం వాటా ఎంతన్నదాని మీద పరిశోధకులకు భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా ఒక సంగతి అక్కడ స్పష్టమయింది: సాయం చేయడం కూడా బడి పనిగా గుర్తింపు పొందింది. ఎమిరేట్స్‌లో తనిఖీ చట్రం పక్క బడికి అందించిన తోడ్పాటుకు కూడా బరువు ఇస్తే, పంచుకోవడం నష్టమన్న లెక్క తలకిందులవుతుంది. ముఖ్యంగా తక్కువ ఫీజుతో నడిచే భారతీయ బడులకు ఇది అవసరం. పెద్ద ప్రయోగశాల, శిక్షణ నిధులు వాళ్లకు ఉండవు. అక్కడ చదివేది గుమాస్తాల, డ్రైవర్ల, చిన్న దుకాణదారుల పిల్లలు. భాగస్వామ్యం మంచి బడుల మధ్య గౌరవ సభలుగానే మిగిలిపోతే నష్టపోయేది వీళ్లే.

దుబాయిలో సి.బి.ఎస్.ఇ. ప్రాంతీయ కార్యాలయం 2024లో వచ్చింది. ఢిల్లీ బోర్డుకు, స్థానిక విద్యా సంస్థలకు మధ్య వారధిగా నిలిచే చోటు ఇప్పుడు ఎడారి నగరంలోనే ఉంది. ఎమిరేట్ల సరిహద్దులు దాటి ఉపాధ్యాయ బృందాలు ఏర్పరచడానికి, వాళ్లు రాసిన పాఠాలను సరిచూసి అందరికీ అందించడానికి ఈ కార్యాలయం పూనుకుంటే, సహోదయ అన్న పేరు ప్రిన్సిపాళ్ల సమావేశ మందిరం నుంచి తరగతి గదికి చేరుతుంది. పని పెద్దగా మొదలుకానక్కరలేదు. ఒక తరగతి, ఒక పాఠం, మూడు బడులు, ఒక త్రాసు చాలు. మొదటి ఏడాది చివర చూడవలసింది ఎన్ని సమావేశాలు జరిగాయన్నది కాదు. పాఠానికి ముందు నీరు అద్దంలోంచి ఊరిందని రాసిన పిల్లల్లో ఎంతమంది, కొన్ని నెలల తర్వాత, ఎవరూ గుర్తుచేయకుండానే గాలి గురించి రాశారన్నది చూడాలి.